తొలి పుట్టినరోజు, పరలోక నిరీక్షణ

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి అందిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. పసిబిడ్డ పుట్టినరోజు వేడుకకూ క్రైస్తవుని పరలోక నిరీక్షణకూ పొత్తు ఎలా కుదురుతుందన్నదే ఆ విషయం. అందుచేత మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈ నాలుగింటికే జవాబులు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇవ్వక తప్పలేదు.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా బాబుకు వచ్చే నెలలో ఏడాది నిండుతుంది. వాడికంటే ముందు మాకు ఒక పాప పుట్టింది. నెలలు నిండకుండా పుట్టినందువల్ల పంతొమ్మిదో రోజున ఆసుపత్రిలోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఇరవై ఒకటో రోజున పేరు పెట్టి, మూడో నెలలో బాప్తిస్మం ఇప్పించాలనుకున్నాం. ఆ రెండూ జరగలేదు. ఇప్పుడు బాబు పుట్టినరోజు ఘనంగా చేయాలని అత్తగారు పట్టుబడుతున్నారు. ఆ రోజున పాప మాట మాత్రం ఎవరూ ఎత్తకూడదంటున్నారు. మా బావగారు బ్రదరెన్ సహవాసానికి వెళ్తారు. బైబిలులో పుట్టినరోజులు చేసుకున్నవాళ్లు ఫరో, హేరోదు మాత్రమేననీ, విశ్వాసి చూపు పరలోకం మీద ఉండాలి గాని కేకు మీద కాదనీ ఆయన అంటారు. మా పిన్నిగారేమో పాప దేవదూత అయి తమ్ముణ్ణి కాపాడుతోందని నన్ను ఓదారుస్తారు. బాప్తిస్మం పొందని మా పాప ఇప్పుడు ఎక్కడ ఉంది? బాబు పుట్టినరోజున నేను మనసారా నవ్వితే పాపను మరిచిపోయినట్టేనా?
– ఒక సోదరి, ఏలూరు

జవాబు: సోదరీ, మీరు ఎన్ని అడిగినా చివరి వాక్యమే మీ అసలు ప్రశ్న అని నాకు అనిపించింది. దాని దగ్గరికి వెళ్లడానికి ముందు మీ బావగారి మాటను, తరువాత బాప్తిస్మం సంగతిని తేల్చుకుందాం.

బావగారు చెప్పినది అబద్ధం కాదు. జన్మదినమని పేర్కొంటూ బైబిలు వర్ణించే విందులు ఆ ఇద్దరు రాజులవే. ఆదికాండము 40వ అధ్యాయంలో ఫరో తన జన్మదినాన భక్ష్యకారుల అధిపతిని వ్రేలాడదీయించాడు. మార్కు సువార్త 6వ అధ్యాయంలో హేరోదు తన జన్మదిన విందు మధ్యలో బాప్తిస్మమిచ్చు యోహాను తల నరికించాడు. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా వేదపండితుడు ఓరిగెన్ కూడా లేవీయకాండము మీద చేసిన ప్రసంగాలలో ఇదే వాదన వినిపించాడు. అంత పాత వాదనను తేలికగా కొట్టిపారేయకూడదు. అయినా ఆ రెండు విందులనూ నిదానంగా చదివితే, రక్తం చిందించినది పుట్టినరోజు కాదని తెలుస్తుంది. మొదటి చోట ప్రజల ప్రాణాలు తన చేతిలో ఉన్నాయన్న రాజు అధికారం, రెండో చోట అతిథుల ముందు మాట పోతుందన్న రాజు పిరికితనం ఆ పని చేయించాయి. ఏడాది బిడ్డను ఒడిలో పెట్టుకుని దేవునికి స్తోత్రం చెప్పే తల్లిని ఆ రాజుల పక్కన నిలబెట్టడం న్యాయం కాదు.

పైగా, పసిబిడ్డ కోసం చేసిన విందు బైబిలులో వేరే ఉంది. ఇస్సాకు పాలు విడిచిన దినాన అబ్రాహాము గొప్ప విందు చేశాడని ఆదికాండము 21:8 చెబుతుంది. ఆ కాలపు తల్లులు బిడ్డలకు చాలాకాలం పాలిచ్చేవారు. కతోలిక బైబిలులో ఉన్న మక్కబీయుల రెండవ గ్రంథంలో ఒక తల్లి తన కుమారునికి మూడేళ్లు పాలిచ్చానని అతనితోనే అంటుంది. పాలు విడిచాడంటే, ఎందరో పసివాళ్లను మింగేసే ఆ మొదటి గండం దాటి బిడ్డ బతికి బట్టకట్టాడని అర్థం. అబ్రాహాము విందు అందుకే. మన ఇళ్లలో తొలి పుట్టినరోజుకు ఉన్న ప్రాధాన్యం కూడా అక్కడినుంచే వచ్చింది. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువులలో 129 మంది ఏడాది లోపే చనిపోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగింది. మీ అత్తగారి తరం ఆ పాత లెక్కల మధ్య పిల్లలను కన్న తరం. ఆమె పట్టుదలలో ఆడంబరం కొంత ఉంటే ఉండవచ్చు గాని, దాని అడుగున భయం, ఆ భయం తీరిన ఊరట ఉన్నాయని నేను అనుకుంటాను. పాప మాట ఎత్తవద్దని ఆమె అనడం కూడా ఆ భయం నుంచే వచ్చింది. శుభదినాన పోయినవారిని తలిస్తే కీడు అని మన పల్లెల్లో తరతరాలుగా ఉన్న నమ్మకం బాప్తిస్మంతో ఒక్కసారిగా ఊడిపోదు.

పరలోకం మీద చూపు ఉన్నవారు వేడుకలు చేయరన్న మాటకు సంఘ చరిత్రలోనే ఒక జవాబు ఉంది. క్రీ.శ. 155 ప్రాంతంలో స్ముర్న పట్టణపు వృద్ధ బిషప్పు పోలికార్పు హతసాక్షి అయ్యాడు. క్రీస్తును దూషిస్తే విడిచిపెడతామని అధికారి చెప్పినప్పుడు, 86 ఏళ్లుగా నేను సేవించిన నా రాజు నాకు ఏ కీడూ చేయలేదు, ఆయనను ఎలా దూషిస్తానన్నది ఆయన జవాబు. ఆ తరువాత స్ముర్న విశ్వాసులు పొరుగు సంఘాలకు రాసిన లేఖలో, ఆయన ఎముకలను ఏరి తగిన చోట ఉంచామనీ, ప్రతి యేటా అక్కడ ఆనందంతో కూడుకుని ఆయన హతసాక్ష్యపు జన్మదినాన్ని ఆచరిస్తామనీ రాశారు. రాజుల జన్మదినాలను చూసి ముఖం తిప్పుకున్న ఆ తొలి క్రైస్తవులే, తమ పెద్దాయన చనిపోయిన రోజును పుట్టినరోజుగా లెక్కపెట్టుకున్నారు. పరలోకాన్ని తలుచుకున్నప్పుడు వారికి విందు మానాలని తోచలేదు, ఇంకో విందు కలపాలని తోచింది. బావగారితో వాదం పెట్టుకోకుండా ఈ సంగతి చెప్పి, ఆనాటి కృతజ్ఞతా ప్రార్థన ఆయననే చేయమని అడగండి. కేకు కోసేటప్పుడు ఆయన వరండాలో నిలబడాలనుకుంటే నిలబడనివ్వండి.

ఇక బాప్తిస్మం. మన తెలుగు క్రైస్తవ కుటుంబాలలో ఈ విషయమై గందరగోళం ఉండటం సహజం. దక్షిణ ఇండియా సంఘం, లూథరన్లు, కతోలికులు శిశువులకు బాప్తిస్మం ఇస్తారు. బాప్తిస్టులు, బ్రదరెన్, పెంతెకొస్తువారు శిశువును దేవునికి ప్రతిష్ఠించి, ఎదిగి విశ్వసించాకే ముంచుతారు. పెళ్లి సంబంధాలు మాత్రం ఈ గీతలన్నీ దాటి జరుగుతాయి గనుక ఒకే ఇంట్లో మూడు రకాల జవాబులు వినిపిస్తాయి. అయితే మీ పాప గురించి ఈ సంఘాలు చెప్పే మాటల మధ్య దూరం మీరు అనుకుంటున్నంత ఎక్కువ లేదు. కాల్విను బోధను అనుసరించే సంస్కరణ సంఘాల వారు 1619లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్ పట్టణంలో ముగిసిన సభలో, శైశవంలో మరణించిన తమ బిడ్డల రక్షణను గురించి భక్తిగల తల్లిదండ్రులు సందేహపడకూడదని తీర్మానించారు. బాప్తిస్మం లేకుండా చనిపోయిన శిశువులు ‘లింబో’ అనే చోట ఉంటారని మధ్యయుగాల నుంచి వాడుకలో ఉన్న అభిప్రాయాన్ని కతోలిక సంఘం ఏనాడూ తన విశ్వాస సిద్ధాంతంగా ప్రకటించలేదు. పోపు పదహారవ బెనెడిక్టు అనుమతితో 2007లో వెలువడిన వేదాంత సంఘపు పత్రం, అటువంటి శిశువులు రక్షణ పొంది దేవుని ముఖాన్ని చూస్తారని ఆశించడానికి గట్టి ఆధారాలు ఉన్నాయని చెప్పింది. శిశువుకు బాప్తిస్మమే ఇవ్వని బాప్తిస్టులకు అది లేకపోవడం లోటుగా తోచే ప్రసక్తే లేదు.

లేఖనం దగ్గరికి వస్తే, దావీదు బిడ్డ సంగతి ఉంది. రెండవ సమూయేలు 12వ అధ్యాయంలో ఆ శిశువు ఏడవ దినాన చనిపోయాడు. అది పుట్టిన ఏడవ దినమే అయితే, ఎనిమిదో దినాన జరగవలసిన సున్నతి ఆ బిడ్డకు జరగనే లేదు. అది జబ్బు చేసిన ఏడవ దినమని చెప్పే వ్యాఖ్యాతలూ ఉన్నారు గనుక దీని మీద ఎక్కువ బరువు వేయను. కాని బిడ్డ బతికి ఉన్నంతసేపు నేలమీద పడి ఉపవాసమున్న దావీదు, చనిపోయాడని తెలియగానే లేచి స్నానం చేసి, యెహోవా మందిరానికి వెళ్లి మొక్కి, ఇంటికి వచ్చి భోజనం చేశాడు. సేవకులు ఆశ్చర్యపడి అడిగినప్పుడు, నేను వాని దగ్గరికి వెళ్తాను గాని వాడు నా దగ్గరికి తిరిగి రాడని అన్నాడు. సమాధిలో కలుస్తానని మాత్రమే ఆయన భావమని చెప్పేవారు ఉన్నారు. ఆ మాట నిజమైతే, అందులో లేచి భోజనం చేయడానికి తగిన ఓదార్పు ఏముందో నాకు అర్థం కాదు. మీ పాప, చిన్నపిల్లలను ఎత్తి కౌగిలించుకుని ఆశీర్వదించిన ప్రభువు దగ్గర ఉంది. ఆయన వారిని ఎత్తుకునే ముందు వారికి ఏ సంస్కారం జరిగిందని అడిగినట్టు సువార్తలలో లేదు.

పిన్నిగారి ఓదార్పులో ప్రేమ ఉంది గాని, ఆ మాటను బైబిలు సమర్థించదు. మత్తయి 18:10లో ప్రభువు చిన్నపిల్లల దూతలను గురించి మాట్లాడాడు. అంటే దూతలు వేరు, పిల్లలు వేరు. చనిపోయినవారు దూతలుగా మారిపోతారని లేఖనం ఎక్కడా చెప్పదు, పునరుత్థానంలో వారు దూతలవలె ఉంటారని మాత్రమే చెబుతుంది. ఇది పిన్నిగారిని తప్పు పట్టడానికి రాయడం లేదు. మీ పాప దూత అయిపోయి ఉంటే, మీరు కన్న ఆ బిడ్డ ఇక లేనట్టే కదా? క్రైస్తవ నిరీక్షణ దానికంటే పెద్దది. మొదటి కొరింథీయులకు 15వ అధ్యాయం చెప్పే పునరుత్థానంలో, ఆసుపత్రి గాజుపెట్టెలో మీరు చూసిన ఆ చిన్న దేహమే అక్షయమైనదిగా లేపబడుతుంది. తమ్ముణ్ణి కాపాడే బాధ్యత ఆమె మీద లేదు. అది దేవుడు చూసుకుంటాడు.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న. దీనికి జవాబుగా యోబు గ్రంథపు చివరి అధ్యాయాన్ని మీరు నెమ్మదిగా చదవాలని కోరుతున్నాను. యోబు కథ విందుతోనే మొదలవుతుంది. అతని కుమారులు వంతుల చొప్పున తమ ఇళ్లలో విందులు చేసి అక్కచెల్లెళ్లను పిలిచేవారు. ఆ విందులు వారి వారి పుట్టినరోజులకు జరిగేవని తలచే వ్యాఖ్యాతలూ ఉన్నారు. అటువంటి ఒక విందు జరుగుతూ ఉండగానే సుడిగాలికి ఇల్లు కూలి పదిమంది బిడ్డలూ చనిపోయారు. అటువంటి తండ్రికి ఆ తరువాత ఏ విందు వాసన తగిలినా కడుపులో తిప్పి ఉంటుంది. అయినా 42వ అధ్యాయంలో అతని ఇంట మళ్లీ భోజనం వడ్డించారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పాత పరిచయస్థులు అందరూ వచ్చి అతనితో కలిసి తిన్నారు. తింటూనే అతని కష్టానికి దుఃఖపడి ఓదార్చారు. తలా ఒక నాణెం, తలా ఒక బంగారు ఉంగరం చేతిలో పెట్టారు. మన విందులలో చదివింపులు ఎలాగో అలాగే. దేవుడు యోబు స్థితిని మార్చాడని చెప్పిన వెంటనే వచ్చే విందు ఇది. ఆ పంక్తిలో ఏడుపును ఎవరూ బయటికి పంపలేదు, ఏడుపు ఉంది గదా అని భోజనాన్నీ మానలేదు.

ఆ వెంటనే లెక్కలు వస్తాయి. యోబు పోగొట్టుకున్న గొర్రెలు 7,000, తిరిగి వచ్చినవి 14,000. ఒంటెలు 3,000 పోయి 6,000 వచ్చాయి. ఎడ్ల జతలు, ఆడ గాడిదలు ఐదేసి వందలు పోయి వెయ్యేసి వచ్చాయి. దేవుడు అన్నీ రెండంతలు ఇచ్చాడన్న మాటకు ఇదంతా సరిపోతుంది. కాని పిల్లల దగ్గర లెక్క ఆగిపోతుంది. పోయినవారు ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు. తరువాత పుట్టినవారూ ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలే. రెండంతలు ఎందుకు కాలేదని అడిగిన పాత వ్యాఖ్యాతలలో కొందరు దానికి చెప్పిన జవాబు నన్ను ఎన్నో ఏళ్లుగా ఆదుకుంటూ ఉంది: గొర్రెలు పోతే పోయినట్టే, బిడ్డలు మాత్రం పోలేదు, మొదటి పదిమందీ దేవుని దగ్గర ఇంకా యోబు బిడ్డలే గనుక, మరి పదిమంది పుట్టేసరికి రెండంతలు అయిపోయింది. రెండోసారి పుట్టిన కూతుళ్లకు యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అని పేర్లు పెట్టి, సోదరులతో పాటు ఆస్తిలో స్వాస్థ్యం ఇచ్చి యోబు ముచ్చటపడ్డాడంటే, మొదటి ముగ్గురినీ మరిచిపోయాడని ఎవరైనా అనగలరా?

కాబట్టి సోదరీ, మీకు ఉన్నది ఒక్క బిడ్డ కాదు, ఇద్దరు. బాబు పుట్టినరోజున మీరు నవ్వడం ఇద్దరి తల్లి నవ్వడమే. మధ్యలో కన్నీళ్లు వస్తే వచ్చినవారికి సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. నిరీక్షణ లేనివారి వలె దుఃఖపడవద్దని పౌలు థెస్సలొనీకయులకు రాశాడు గాని, దుఃఖపడనే వద్దని రాయలేదు. లాజరును లేపబోతూ కూడా ప్రభువు ఏడ్చాడు.

ఆచరణలో ఏం చేయాలంటే, కూడిక మొదట్లో కాపరి చేసే ప్రార్థనలో, ఈ దంపతులకు నీవు అనుగ్రహించిన ఇద్దరు బిడ్డల కోసం స్తోత్రం అని ఒక్క మాట చేర్చమని ముందుగానే ఆయనను కోరండి. ఫ్లెక్సీ మీద, ఆహ్వానపత్రం మీద పాప ప్రస్తావన అవసరం లేదు. అత్తగారిని నొప్పించేటంత పట్టుదలా వద్దు. ఆమెతో ఒకరోజు ఏకాంతంగా కూర్చుని, తన మనవరాలిని తలుచుకోవడం కీడు కాదని చెప్పి చూడండి. ఆమె కూడా ఎవరికీ కనబడకుండా ఏడుస్తూ ఉండవచ్చు. పాపకు పేరు పెట్టలేదని రాశారు. ఇప్పుడు పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు. మీరిద్దరూ ప్రార్థించి ఒక పేరు అనుకోండి, మీ కుటుంబ బైబిలు మొదటి పేజీలో బాబు పేరుకు పైన రాసుకోండి.

ప్రశ్న: మా పాప తొలి పుట్టినరోజుకు ఫంక్షన్ హాలు, స్టేజి అలంకరణ, నాలుగు వందల మందికి భోజనాలు అన్నీ కలిపి మూడు లక్షలు దాటేలా ఉంది. అందులో సగం అప్పు తేవాలి. మా సంఘ సేవకుడు, భూమి మీద కాదు పరలోకంలో ధనం కూర్చుకోండి, ఆ డబ్బు మందిర నిర్మాణానికి ఇవ్వండి అంటున్నారు. బంధువులు ఊరుకోరు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: అప్పు చేయవద్దు. ఈ ఒక్క విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. ఏడాది నిండిన పాపకు ఆ హాలు గుర్తుండదు. ఆమె బడిలో చేరే నాటికి కూడా మీరు వడ్డీ కడుతూనే ఉంటారు.

సేవకుని సలహా మాత్రం నాకు పూర్తిగా సమ్మతం కాదు. విందునూ పరలోకాన్నీ కలిపి ప్రభువు చెప్పిన మాట లూకా 14వ అధ్యాయంలో ఉంది. విందు చేసేటప్పుడు తిరిగి పిలవగల స్నేహితులను, ధనవంతులైన పొరుగువారిని కాక, బీదలను, అంగహీనులను, కుంటివారిని, గ్రుడ్డివారిని పిలువమనీ, నీతిమంతుల పునరుత్థానంలో దానికి ప్రత్యుపకారం దొరుకుతుందనీ ఆయన అన్నాడు. గమనించండి, విందు మానేసి ఆ సొమ్ము మందిరానికి కట్టమని ఆయన చెప్పలేదు. విందు జరగాలి, పంక్తిలో కూర్చునేవారు మారాలి. మందిర నిర్మాణానికి మీ మనసులో ఉన్నంత వేరుగా ఇవ్వండి, దానిని పాప పుట్టినరోజుతో ముడిపెట్టనక్కరలేదు.

ఈ మధ్య పుట్టినరోజున అనాథాశ్రమానికి వెళ్లి బిర్యానీ ప్యాకెట్లు పంచి, పిల్లలను వరుసగా నిలబెట్టి ఫొటోలు తీసుకోవడం ఆనవాయితీ అయ్యింది. ఆకలి తీరుతుంది గనుక కాదనను. కాని లూకా సువార్త చెప్పినది పంపకం కాదు, పిలుపు. మీ పేటలో ఒంటరిగా ఉండే వితంతువులు, మీ వీధి ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులు, ఆ రోజు వంటలో చేయి కలిపినవారు మీ బంధువుల పక్కనే కూర్చుని తినాలి. నాలుగు వందల మందిని వంద మందికి తగ్గించి, అందులో పాతిక మంది ఇటువంటివారైతే మీ ఖర్చు మందిర ఆవరణలో షామియానాతో తీరిపోతుంది. బంధువులు ఒక వారం మాట్లాడుకుంటారు. మాట్లాడుకోనివ్వండి.

ప్రశ్న: నాకు 78 ఏళ్లు. డాలస్‌లో ఉన్న మనవరాలి మొదటి పుట్టినరోజును ఫోనులో చూశాను. నన్ను చూసి చేయి ఊపింది. ఆ రాత్రి, ప్రభువా, దీని పెళ్లి దాకా ఉంచు అని ప్రార్థించాను. తరువాత సిగ్గేసింది. పరలోకాన్ని నిరీక్షించేవాడు ఇలా అడగవచ్చా? ఇక్కడ ఎత్తుకోలేకపోయిన ఆ బిడ్డను అక్కడైనా గుర్తుపడతానా?
– ఒక తాతగారు, తెనాలి

జవాబు: పెద్దలు మీరు, నాకంటే వయసులో ఎక్కువవారికి ఓదార్పు చెప్పడానికి సంకోచంగానే ఉంది. లూకా 2వ అధ్యాయంలో పసిబిడ్డను చేతుల్లోకి తీసుకున్న ఒక పెద్దాయన ఉన్నాడు. బాలుడైన యేసును, మోషే ధర్మశాస్త్రం చెప్పినట్టు శుద్ధి దినాలు గడిచాక, గువ్వల జతనో రెండు పావురపు పిల్లలనో బలిగా అర్పించే పేదవారిగా మరియ, యోసేపు యెరూషలేము దేవాలయానికి తెచ్చారు. అదీ ఒక బిడ్డ జీవితంలో మొదటి వేడుకే. సుమెయోను ఆ బిడ్డను ఎత్తుకుని, ఇక నీ దాసుని సమాధానంతో పోనిస్తున్నావు అని దేవుణ్ణి స్తుతించాడు. పిల్లవాడి వేడుకలో చావు మాట ఏమిటని అక్కడ ఎవరూ ఆయనను కసురుకోలేదు. ఇప్పటికీ అనేక సంఘాలలో సాయంకాల ఆరాధనలో ఆయన మాటలనే పాడుతారు.

అందరూ సుమెయోనులు కానక్కరలేదు. ఐగుప్తులో యాకోబు యోసేపుతో, నీ ముఖం చూస్తానని నేను అనుకోలేదు, దేవుడు నీ సంతానాన్ని కూడా చూపించాడు అని మనవళ్లను కౌగిలించుకుని ముద్దు పెట్టుకున్నాడు. పిల్లల పిల్లలను చూడటం ఆశీర్వాదమని 128వ కీర్తన ముగింపు చెబుతుంది. పౌలు కూడా క్రీస్తు దగ్గరికి వెళ్లిపోవాలన్న కోరికకూ, ఫిలిప్పీ విశ్వాసుల కోసం ఇక్కడ ఉండాలన్న అవసరానికీ మధ్య నలిగిపోతున్నానని దాచుకోకుండా రాశాడు. దేవుడు ఇచ్చిన మనుషులను ప్రేమించడం చేత ఇంకొంత కాలం ఉండాలనిపించడం నిరీక్షణ లేకపోవడం కాదు. మీ ప్రార్థనకు సిగ్గుపడకండి. జవాబు ఏదైనా అంగీకరించే మనసు మాత్రం దానితో కలిపి అడగండి.

గుర్తుపట్టడం గురించి నాకు సందేహం లేదు. తూర్పునుండి, పడమటినుండి వచ్చి అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులతో కూడ పరలోకరాజ్యంలో కూర్చుంటారని ప్రభువు చెప్పాడు. అక్కడ అబ్రాహాము అబ్రాహాముగానే, అతని మనవడు యాకోబు యాకోబుగానే ఉన్నారు. అయితే అక్కడ పెళ్లిళ్లు ఉండవని కూడా ఆయనే అన్నాడు గనుక, తెనాలి ఇంటి వసారానే అక్కడ మళ్లీ కట్టి ఇస్తారని ఊహించుకోకూడదు. మనవరాలు తాతకు అప్పుడు ఏమవుతుందో, ఆ ప్రేమ ఎంత పెద్దదవుతుందో చెప్పే మాటలు లేఖనంలో తక్కువ. ఈలోగా పాపకు మాటలు వస్తాయి గదా. వారానికి ఒకసారి ఫోనులో ఒక తెలుగు కీర్తన పాడి వినిపించండి. మీ గొంతు ఆమెకు అలవాటు కావాలి.

ప్రశ్న: మా సండేస్కూలులో ఒక అబ్బాయి పుట్టినరోజుకు అందరం పాట పాడాం. వెంటనే రెండో తరగతి చదివే ఇంకో అబ్బాయి లేచి, పరలోకంలో పుట్టినరోజులు ఉంటాయా, చనిపోయిన మా చెల్లి అక్కడ పెద్దదవుతుందా అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. ఏం చెప్పాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తెలియదని చెప్పడానికి వెనుకాడకండి, తెలిసినవి మాత్రం చెప్పండి. ఆ బాలుని ప్రశ్న మహా పండితులు అడిగినదే. అయిదో శతాబ్దంలో అగస్టీను ‘దేవుని పట్టణం’ అనే గ్రంథపు చివరి భాగంలో, శైశవంలో చనిపోయినవారు శిశువులుగానే లేస్తారా అని చర్చించి, కాలక్రమంలో వారికి రావలసిన నిండు ఎదుగుదలను దేవుడు అద్భుతంగా ఒక్కసారే ఇస్తాడని రాశాడు. అది ఆయన అభిప్రాయం, లేఖనవాక్యం కాదు. పుట్టినరోజుల విషయంలో మనకు ఉన్నది ఇంకా చిన్న సూచన: ప్రకటన 22వ అధ్యాయంలో జీవవృక్షం నెలనెలా ఫలిస్తుందని ఉంది గనుక, అక్కడ పండుగలకు చోటు లేదని ఎవరూ గట్టిగా చెప్పలేరు. పిల్లలతో జెకర్యా 8:4, 5 చదివించండి. యెరూషలేము వీధుల్లో చేతికర్రలతో ముసలివారు కూర్చుని ఉంటారనీ, ఆడుకునే మగపిల్లలతో, ఆడపిల్లలతో ఆ వీధులు నిండి ఉంటాయనీ ప్రవక్త చెప్పాడు. ఆ వీధిని బొమ్మ గీయమనండి. ఏడేళ్ల పిల్లవాడికి చెల్లెలిని గురించి మన వివరణ కంటే ఆ బొమ్మ గీసుకోవడమే ఎక్కువ మేలు చేస్తుంది.

ఒక్క మాట మాత్రం ఆ అబ్బాయితో అనకండి. మంచిపిల్లలంటే దేవునికి ఇష్టం గనుక త్వరగా తీసుకుపోతాడని పెద్దలు ఓదార్పుగా చెబుతూ ఉంటారు. అది విన్న పిల్లవాడు మంచిగా ఉండటానికి భయపడతాడు, లేదా రాత్రి నిద్రపోవడానికి భయపడతాడు. మీ చెల్లికి జబ్బు చేసింది, డాక్టర్లు ప్రయత్నించినా తగ్గలేదు, ఇప్పుడు ఆమె యేసు దగ్గర ఉంది, ఆమెకు నొప్పి లేదు అని వరుసగా చెప్పండి. వాడు అదే ప్రశ్న వచ్చే ఆదివారం మళ్లీ అడుగుతాడు. అప్పుడూ అదే జవాబు, అంతే ఓపికగా చెప్పండి.